ఆగిన వాగను, తెరచిన గేటు

తెనాలి ప్రాంతమున ధాన్యపు బండిని కళ్ళము వద్ద నిలిపిన రైతు, ఎద్దులను విప్పుటకు ముందు చక్రమునకు ఒక రాయి అడ్డుపెట్టును. నేల చూపునకు చదునుగానే ఉండును. అయినను అతడు ఆ రాయిని మరువడు. కందెన బాగుగా పట్టిన ఇరుసునకు కంటికి కానరాని వాలు కూడ చాలునని అతనికి అనుభవముచే తెలియును. రైళ్ళు నడపువారు ఈ చిన్న పాఠమును పూర్తిగా నేర్చుకొనుటకు నూరు సంవత్సరములకు పైగా పట్టినది. పలుమారులు ప్రాణములు పోయిన పిమ్మటనే నేర్చుకొనిరి.

విజయవాడ నుండి మద్రాసునకు పోవు రైలుమార్గము 1899లో కలిసినది. తెనాలి, బాపట్ల ఈ మార్గముపైననే ఉన్నవి. 1916లో మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే కంపెనీవారు గుంటూరు నుండి తెనాలి మీదుగా రేపల్లె వరకు మరియొక మార్గము వేసిరి. తెనాలి నుండి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె చేరు ఈ శాఖ వరిచేల నడుమ సాగును. పంటకాలువల గట్లు, డొంకలు, ఊరిబాటలు దీనిని పెక్కు చోట్ల దాటును. బాట పట్టాలను దాటినచోట గేటు కావలసివచ్చినది. ఈ సీమ అంతయు చదునైన ఒండ్రునేల. కావున వాలున జారిపోవు వాగనుల భయము కొండప్రాంతములకే గాని కృష్ణా డెల్టాకు లేదని తోచుట సహజము. ఇది ఎంతవరకు నిజమో విచారింపవలెను.

మొదట రైలుగేటు పనిచేయు తీరును గమనింతము. రైలు బయలుదేరుటకు ముందు స్టేషను నుండి గేటుమ్యానుకు వార్త అందును. అతడు గేటు వేయును. సిగ్నలుతో జోడించిన గేటైనచో, గేటు పడనిదే రైలునకు సిగ్నలు రాదు. ఈ ఏర్పాటు అంతయు డ్రైవరున్న బండిని దృష్టిలో పెట్టుకొని చేసినది. సైడింగులో నిలిపిన వాగను తనంతట తాను కదలినచో దానికి డ్రైవరు లేడు, ముందు దీపము లేదు, కూత లేదు. ఎఱ్ఱదీపమును చూచి ఆగువారును లేరు. ఎవరికిని వార్త అందదు గనుక గేటు తెరచియే ఉండును. బడిపిల్లలు, గడ్డిబండ్లు, బస్సులు నిశ్చింతగా దాటుచుండును. కావున గేటువద్ద భద్రత గేటువద్ద మొదలగునది కాదు. అల్లంత దూరమున, వాగనును నిలిపి ఇంజను విడిపోయిన క్షణముననే అది మొదలగును.

ఈ విషయమును లోకమునకు తెలిపిన ప్రమాదము 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా పట్టణము చేరువలో జరిగినది. విహారయాత్రకు పోవు పిల్లలతో నిండిన రైలు, 75 అడుగులకు ఒక అడుగు లేచు ఎత్తును ఎక్కలేక ఆగిపోయెను. సిబ్బంది రైలును రెండుగా విడదీసి, వెనుకనున్న పది పెట్టెలను చేతిబ్రేకుతోను, చక్రముల క్రింద పెట్టిన రాళ్ళతోను నిలుపనెంచిరి. ముందుభాగము కొంచెము వెనుకకు జరిగి తాకగానే రాళ్ళు నలిగిపోయినవి. పెట్టెలు వాలున జారి, వెనుకనుండి వచ్చుచున్న మరియొక రైలును ఢీకొన్నవి. సుమారు 80 మంది మరణించిరి. రైతు రాయి వంటిదే అక్కడ రాయి కూడ. కాని బరువునకు తగిన అడ్డు కాలేదు. ఆ సంవత్సరమే బ్రిటిషు పార్లమెంటు ఒక చట్టము చేసి, పెట్టెలు తెగి విడిపోయిన తక్షణమే వానంతట అవి పట్టుకొను బ్రేకులను ప్రయాణికుల రైళ్ళకు తప్పనిసరి చేసినది.

అయితే అట్టి బ్రేకులును శాశ్వతముగా పట్టియుండవు. శూన్యముతో పనిచేయు బ్రేకులోనికి గాలి మెల్లమెల్లగా చొరబడును. ఒత్తిడి గాలితో పనిచేయు బ్రేకునుండి గాలి మెల్లమెల్లగా జారిపోవును. కొన్ని గంటలు గడచినచో పట్టు సడలును. 2013 జులై 6న కెనడాలోని లాక్-మెగాంటిక్ పట్టణమున జరిగినది ఇదియే. ముడిచమురు నింపిన 72 ట్యాంకరుల రైలును రాత్రివేళ వాలుపై నిలిపి, ఏడు చేతిబ్రేకులు మాత్రమే బిగించిరి. ఇంజనులో మంట లేచినందున దానిని ఆపివేసిరి. గాలి నింపు యంత్రము ఆగినది, గాలి జారిపోయినది, రైలు కదలినది. పదకొండు కిలోమీటర్లకు పైగా పరుగెత్తి పట్టణము నడుమ పట్టాలు తప్పి మండిపోయెను. 47 మంది చనిపోయిరి.

వాగనుల ఇరుసులలో వచ్చిన మార్పు కూడ ఈ చరిత్రలో ఒక ముఖ్యఘట్టము. పూర్వపు వాగనులలో ఇరుసు కొనపై కంచు దిమ్మ కూర్చుండెడిది. నూనెతో తడిపిన నూలుపీచు దానికి కందెన అందించెడిది. వాగను నిలిచియున్నంతసేపు బరువునకు నూనెపొర తొలగి లోహము లోహమును తాకెడిది. అందుచే దానిని కదల్చుట కష్టము. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున మనదేశమున రోలరు బేరింగుల వాగనులు వ్యాపించినవి. వీనితో ఇంజనునకు శ్రమ తగ్గినది, ఇరుసులు వేడెక్కి చెడుటయు తగ్గినది. కాని ఆగిన వాగను కదలుటయు సులభమైనది.

లెక్క చూడుడు. 400 అడుగులకు ఒక అడుగు వాలున భూమ్యాకర్షణ వాగనును టన్నుకు రెండున్నర కిలోల బలముతో క్రిందికి లాగును. మెల్లగా కదలుచున్న రోలరు బేరింగు వాగను నిరోధము టన్నుకు సుమారు ఒకటి, ఒకటిన్నర కిలోలు మాత్రమే. కనుక చిన్న తాకుడు తగిలినను వాగను ఆగక పోవును. వాలు 1200కు ఒకటి అయినచో లాగు బలము టన్నుకు కిలో కంటె తక్కువ, నిరోధమే గెలుచును. స్టేషను యార్డులలో వాలు 400కు ఒకటి మించరాదనియు, 1200కు ఒకటి ఉండుట మేలనియు భారత రైల్వేలవారి నియమము చెప్పుటలో రహస్యమిదియే.

మనదేశమున కూడ ఇట్టి సంఘటనలు జరిగినవి. 2018 ఏప్రిల్ 7న ఒడిశాలోని టిట్లాగఢ్‌లో ఇంజను మార్చుచుండగా అహమ్మదాబాదు–పూరీ ఎక్స్‌ప్రెస్ పెట్టెలు ప్రయాణికులతో సహా సుమారు 12 కిలోమీటర్లు జారిపోయినవి. ఎవరికిని హాని కలుగలేదు. 2024 ఫిబ్రవరి 25న జమ్ము ప్రాంతమున కఠువాలో సిబ్బంది మారుటకు ఆగిన 53 వాగనుల రైలు, డ్రైవరు లేకుండ 70 కిలోమీటర్లకు పైగా పరుగెత్తినది. దారిలోని గేట్లను ముందుగా మూయించుటచే ప్రాణనష్టము తప్పినది. అచ్చట వార్త రైలు కంటె ముందు నడచినది. ఒక కిలోమీటరు దూరముననే గేటున్నచో వార్తకు వ్యవధి ఎక్కడిది?

ఇక డెల్టా విషయము. ఇచ్చట వాలు లేదుగాని తుపాను కలదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి రేపల్లెకు కృష్ణ ఆవలనున్న దివిసీమను ముంచినది. సుమారు పదివేలమంది బలియైరి. 1990 మే 9న మరియొక తుపాను కృష్ణ ముఖద్వారము చేరువలో తీరము దాటినది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్లకు దక్షిణమున తీరము దాటినపుడు గాలి గంటకు 90 నుండి 100 కిలోమీటర్ల వేగమున వీచినది. నూరు కిలోమీటర్ల గాలి తన కెదురైన తలముపై చదరపు మీటరునకు సుమారు 47 కిలోల ఒత్తిడి కలిగించును. 25 టన్నుల ఖాళీ మూతవాగను కొనభాగము సుమారు తొమ్మిది చదరపు మీటర్లు. గాలి పట్టాల వెంబడి వీచినచో దానిపై 400 కిలోలకు మించిన బలము పనిచేయును. ఇది 60కి ఒకటి వాలుతో సమానము. ఆర్మా వాలు కంటె ఇది ఎక్కువ! చదునైన నేలపై గాలియే కొండవాలగుచున్నది. 2023 జూన్ 7న ఒడిశాలోని జాజ్‌పూర్ రోడ్డు వద్ద గాలివానకు తలదాచుకొన వాగనుల క్రింద చేరిన కూలీలలో ఆరుగురు, ఇంజను లేని ఆ వాగనులు కదలుటచే మరణించిరి.

నిలిచిన వాగను కదలకున్నను మరియొక కీడు చేయును. అది చూపునకు అడ్డగును. జంటలైనుపై ఒక లైనులో వాగనులు ఆగియున్నపుడు, గేటు క్రింద వంగి దూరిన మనిషికి రెండవ లైనుపై వచ్చు రైలు కనబడదు. ఆ లైను దాటుటకు ఐదు సెకండ్లు పట్టును. నూరు కిలోమీటర్ల వేగమున రైలు ఆ వ్యవధిలో 140 మీటర్లు వచ్చును. 2014 జులై 24న మెదకు జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని దాటులో బడిబస్సును రైలు ఢీకొని పిల్లలు మరణించిన ఘోరమును తెలుగువారు మరువలేదు. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజి మార్గములపై కాపలా లేని దాటులను రైల్వేలవారు తొలగించిరి. గేటు వచ్చినది; గేటు క్రింద దూరు అలవాటు మాత్రము మిగిలినది.

నివారణ మార్గములు ప్రాతవే. చేతిబ్రేకులను గట్టిగా బిగించుట, చక్రముల క్రింద చెక్కదిమ్మలు పెట్టుట, చక్రమును పట్టాకు గొలుసుతో కట్టి తాళము వేయుట, వాగనులను ఒకదానితో ఒకటి తగిలించి ఉంచుట. ఇవి కాక, సైడింగు చివర పట్టాను మళ్ళించి, తప్పించుకొన్న వాగనును ప్రధానమార్గముపైకి పోనీయక ప్రక్కకు దించు ఏర్పాటు కలదు. గొప్ప యంత్రములు అక్కరలేని పనులివి. కాని రాత్రి జామున, వానలో, పది వాగనుల పొడవున నడచి ఒక్కొక్క బ్రేకును చేతితో తిప్పువాడు కావలెను. ఆ పని సరిగా జరిగినదని గేటు దాటు పిల్లవానికి ఎన్నడును తెలియదు. జరుగనిచో మాత్రము తెలియును.