సోడాబుడ్డి నుండి నీటిరాకెట్టు దాకా

గోలీసోడా నెరుగని తెలుగువారు అరుదు. ఆ బుడ్డికి 1872లో హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు పేటెంటు పొందినాడు. లోపలి వాయువు ఒత్తిడే గోలీని మెడలోని రబ్బరు చుట్టుకు అదిమి పట్టి మూతగా నిలుపుతుంది. రాకెట్టుకు కావలసిన బలమూ అదే. కాని దళసరి గాజు ఎగురదు, పగిలితే ప్రాణాపాయం.

ఒత్తిడిని ఓర్చే తేలిక సీసా రావడానికి మరొక నూరేళ్లు పట్టినది. అమెరికాలో డ్యూపాంట్ సంస్థ ఇంజనీరు నథానియల్ వైయెత్ (చిత్రకారుడు ఆండ్రూ వైయెత్‌కు అన్నగారు) పెట్ ప్లాస్టిక్‌ను నిలువునా అడ్డంగా సాగదీసి బలపరచినాడు. 1973లో పేటెంటు లభించినది. ఆయన తలచినది పానీయాల నిలువనే. రాకెట్టు పిల్లల సొంత కల్పన అనాలి!

తొలినాటి పెద్ద సీసాల అడుగు అర్ధగోళాకారం. నిలబడడానికి వేరే ప్లాస్టిక్ గిన్నె అతికించేవారు. అది ఊడదీస్తే రాకెట్టు ముక్కు సిద్ధం! తరువాత అడుగు రేకలు విచ్చిన పువ్వులా మారింది గనుక నేడు అట్టతో ముక్కు చేసి అతికించవలసినదే.

మూడోవంతు నీరు, పాత సైకిలు ట్యూబు వాల్వు గుచ్చిన రబ్బరు బిరడా, అట్టరెక్కలు, సైకిలు పంపు: ఇంతే ఖర్చు. ఒత్తిడి బిరడా పట్టును మించగానే నీరు కిందికి చిమ్మి సీసా పైకి దూకుతుంది. గాలి మాత్రమే అయితే తోపు చాలదు. బరువైన నీటిని వెనుకకు విసరాలి. 1687లో న్యూటన్ ప్రకటించిన మూడవ సూత్రాన్ని మన బడులలో వల్లెవేయించడమే గాని ఎగురవేసి చూపినవారు తక్కువ. మందుగుండు కూరిన గొట్టాలకన్న ఇది ఎంతో మేలు. అయినా సొట్టపడిన సీసా పనికిరాదు. గాలి కొట్టేటప్పుడు దానిపైకి వంగి చూడరాదు.