ఎంగిలి కాని మిగులు

మిగిలిన అన్నానికి మన భాషలో రెండు మాటలున్నాయి. విస్తట్లో మిగిలితే ఎంగిలి, గిన్నెలో మిగిలితే మిగులు. మొదటిది ఇంకొకరికి పెట్టడం అవమానం. రెండోది పారబోయడం మన పెద్దల దృష్టిలో పాపం. జింజ్‌లో పండుగ భోజనాలయ్యాక పులిహోర గుండిగ అడుగున ఉండిపోయేది ఈ రెండో రకం. దాని కథ చెప్పుకుందాం.

మిగులును కాపాడటం మన ఇళ్ళకు కొత్త కాదు. రాత్రి అన్నం పొద్దున చద్దన్నం, గోదావరి జిల్లాల్లో తరవాణి. అయితే అది గడప దాటని పొదుపు. గడప దాటించింది వారాల పద్ధతి. పరాయి ఊళ్ళో చదువుకునే కుర్రవాడు ఏడు రోజులకు ఏడిళ్ళు చూసుకునేవాడు. వండినదాంట్లోనే ఒక విస్తరి వేస్తే సరి, ఏ ఇంటికీ అది పెద్ద భారం కాదు. ఎందరో అలా చదువుకుని పైకి వచ్చారు. కాని ఆ గడప కులం చూసి తెరుచుకునేది. ఆ మాట దాచిపెట్టి వారాల గొప్ప చెప్పుకోవడం మాకు ఇష్టం లేదు.

లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) పెట్టినది మిగులు కాదు, సొంత పొలం పంట. గోదావరి దాటి వేళకాని వేళ వచ్చినవారికి కూడా అప్పటికప్పుడు వండి వడ్డించేవారు. ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకోత్సవానికి పిలుపు వచ్చినా వెళ్ళలేదని చెబుతారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టింది.

మిగులు కోసమే ఒక సంస్థ కట్టినది 1967లో, అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో. జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన ఒక అన్నశాలలో సాయపడుతూ, తోటల్లో రాలిపోయే నిమ్మజాతి పండ్లు ఏరి తెచ్చేవాడు. బిడ్డల తల్లి ఒకామె ఆయనతో, దుకాణాలు పారేసే సరుకులోనే తినదగినది ఎంతో ఉంటోందనీ, డబ్బుకు బ్యాంకు ఉన్నట్టు తిండికీ ఒకటి ఉంటే బాగుండుననీ అన్నదట. సెయింట్ మేరీస్ చర్చి పాత బేకరీ ఒకటి ఇచ్చింది. ఫుడ్ బ్యాంకు అనే మాట అలా పుట్టింది.

బ్యాంకు పొట్లం కట్టి ఇస్తుంది, పంక్తిలో కూర్చోబెట్టదు. ఆ లోటు తీర్చినది 2015లో మిలాన్. అక్కడ ప్రపంచ ప్రదర్శన జరుగుతున్నప్పుడు మాస్సిమో బొత్తూరా అనే వంటమేస్త్రి, కారితాస్ సంస్థతో కలిసి, మూతపడ్డ నాటకశాలను భోజనశాలగా మార్చాడు. పేరు రెఫెత్తోరియో అంబ్రోసియానో. ప్రదర్శనలో మిగిలిన సరుకుతో 60 మందికి పైగా పేరున్న వంటవాళ్ళు వంతులవారీగా వండారు. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళను బల్లల ముందు కూర్చోబెట్టి, అతిథులకు లాగే వడ్డించారు. వరుసలో నిలబెట్టి గరిటెడు పోయడానికీ దీనికీ ఎంత తేడా! 2016లో రియోలో, 2017లో లండన్‌లో అలాంటివే వెలిశాయి. మన దేశంలో 2014లో ఢిల్లీలో మొదలైన రాబిన్ హుడ్ ఆర్మీ హోటళ్ళ మిగులును బీదవారికి చేరుస్తోంది. హైదరాబాదులోనూ పనిచేస్తోంది.

ఐక్యరాజ్యసమితి లెక్కన 2022లో ప్రపంచం పారేసిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో మన గుండిగ వాటా ఎంతో మనకే తెలియాలి.

ఇక వైద్యులుగా ఒక మాట. వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి విత్తనాలు ఉడుకుకు చావకుండా మిగులుతాయి. వెచ్చదనంలో మొలిచి విషం పుట్టిస్తాయి. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. రెండు గంటలకు మించి అన్నం బయట ఉంచరాదు. 32 డిగ్రీలు దాటిన ఎండలో గంటే గడువు, ఇక్కడి వేసవి సంగతి చెప్పనక్కరలేదు. కాబట్టి పంక్తి లేచాక గిన్నెలు చూసుకుంటే ఆలస్యమైనట్టే. వడ్డనకు ముందే రెండో గుండిగ వేరుచేసి, మూతపెట్టి, వేడిగా ఉంచి, కారు ఎవరిదో, ఏ కార్మికుల బసకు వెళ్ళాలో అనుకుని ఉండాలి. వెళ్ళినవాళ్ళు గుండిగ దింపి వచ్చేయకుండా, చాపలు పరిచి వడ్డించి, తామూ అక్కడే రెండు ముద్దలు తినాలని మా కోరిక. వచ్చే ఉగాదికి ఈ పని ఎవరు చూస్తారో కార్యవర్గం ముందుగానే తేల్చాలి.