“కాదు”కీ “తెలీదు”కీ తేడా తెలియని ఇఫ్

సీ, జావాల నుంచి షెల్ స్క్రిప్టుల్లోకి వచ్చినవాళ్ళకి “సున్నా అంటే నిజం” అన్నది తలకిందుల వ్యవహారంలా కనిపిస్తుంది. ఇది ఎలా వచ్చిందో తెలిస్తే డీబగ్గింగు కష్టాలు సగం తీరతాయని నా అభిప్రాయం.

1971లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన తొలి యూనిక్స్ షెల్‌లో ఇఫ్ లేదు. తర్వాత వచ్చినా అది షెల్‌లో భాగం కాదు, ఎల్‌ఎస్ లాగా విడిగా ఓ ప్రోగ్రాము. గోటూ కూడా అంతే! స్క్రిప్టు ఫైలుని మొదటినుంచీ వెతికి, లేబులు దొరికినచోట పెట్టి తన దారిన తాను పోయేది. షెల్ అక్కణ్ణుంచి చదువుకునేది. 1970ల మధ్యలో జాన్ మాషే వీటిని షెల్ లోపలికి తెచ్చాడు.

ఇవాళ మనం రాసే ఇఫ్ మాత్రం 1979లో ఏడో ఎడిషన్ యూనిక్స్‌తో వచ్చిన స్టీవ్ బోర్న్ షెల్‌ది. ఇఫ్‌ని తిరగేసి “ఫి” అనడం ఆల్గాల్ 68 ప్రభావం. లూపు చివర “ఆడ్” అని పెడదామంటే ఆ పేరుతో అప్పటికే ఓ కమాండు ఉంది, అందుకే “డన్” అయింది.

అసలు విషయం వేరే. బోర్న్ షెల్‌లో ఇఫ్ పక్కన ఉండేది సమీకరణం కాదు, కమాండు. దాన్ని నడిపి, సున్నాతో ముగిస్తే “దెన్” లోకి వెళ్తుంది. గెలుపు ఒక్కటే, ఓటములు అనేకం: ఫైలు లేదు, అనుమతి లేదు, డిస్కు నిండింది. అందుకే సున్నా గెలుపుకి, మిగతా అంకెలు ఓటములకి. మనం విరామచిహ్నం అనుకునే [ కూడా కమాండే, అందుకే దాని పక్కన ఖాళీ వదలకపోతే ఒప్పుకోదు.

ఇక్కడే చిక్కుంది. గ్రెప్ దొరికితే 0, దొరక్కపోతే 1, అసలు వెతకలేకపోతే 2 ఇస్తుంది. ఇఫ్‌కి మాత్రం 1, 2 రెండూ ఒకటే. నేను చూసిన ఒక ప్రాజెక్టులో పాత ఫైళ్ళు తుడిచే స్క్రిప్టు ఉండేది: జాబితాలో పేరు లేకపోతే ఫైలు తీసెయ్యి, అంతే. ఒక రాత్రి జాబితా ఉన్న నెట్‌వర్కు డిస్కు ఊడింది. గ్రెప్ “చూడలేకపోయాను” అంది, ఇఫ్ “లేదు” అని విన్నది. తెల్లారేసరికి ఉండాల్సిన ఫైళ్ళు కూడా లేవు. స్క్రిప్టులో ఒక్క అక్షరం తప్పు లేదు మరి!

పైపుల సంగతీ ఇంతే. 1973లో వచ్చిన పైపులో లెక్కకొచ్చేది చివరి కమాండు ఫలితమే. డేటాబేసు డంపు మధ్యలో చచ్చినా, వచ్చినంతవరకు జిజిప్ బుద్ధిగా కుదించి 0 ఇస్తుంది. బ్యాకప్ “విజయవంతం” అన్నమాట! దీన్ని పట్టుకునే పైప్‌ఫెయిల్ బాష్‌లోకి 2004లో, 3.0తో వచ్చింది. పోసిక్స్ ప్రమాణంలోకి రావడానికి 2024 దాకా పట్టింది.

అందుకే నేను పాటించేవి కొన్ని. $? ని వెంటనే ఓ వేరియబుల్‌లో దాచుకుంటాను, ఎందుకంటే చూద్దామని ఎకో చేస్తే ఆ తర్వాత అందులో ఉండేది ఎకో ఫలితమే. దాచుకున్న అంకెని కేస్‌లో పెట్టి 0, 1, మిగతావి అని మూడుగా విడగొడతాను. సెట్ మైనస్ ఎక్స్ పెట్టి వేరియబుల్స్ విప్పాక షెల్ నిజంగా ఏం నడిపిందో చూస్తాను. సెట్ మైనస్ ఈ ఉంది కదా అని ధీమాగా ఉండను. ఇఫ్ షరతులో విఫలమైన కమాండుని అది పట్టించుకోదు, కావాలనే అలా పెట్టారు.

మీ స్క్రిప్టుల్లో తుడిచేసే ప్రతి లైనుకీ పైన ఉన్న ఇఫ్‌ని ఓసారి చూడండి. అది విన్నది “కాదు” అనా, “తెలీదు” అనా? రెండోదైతే స్క్రిప్టు అక్కడే ఆగాలి.