మేళనమూ మూలమూ: సాలూరి రాజేశ్వరరావు సంగీతం

ఇనుములో కర్బనం తగుపాళ్లలో కలిసినప్పుడే ఉక్కు అవుతుంది. పాలు మించితే లోహం పెళుసుబారుతుంది. 1912లో తొలి ఉక్కును పోతపోసిన జంషెడ్‌పూర్‌లో ఇది కార్మికులందరూ ఎరిగిన సత్యమే. అక్కడి కర్మాగారంలో పనికై వలసవెళ్లి స్థిరపడిన తెలుగువారిలో అనేకులు ఉత్తరాంధ్ర వారు. సంగీతంలో పరాయి బాణీ ఎంత పాలు కలపవచ్చునో తెలిసిన సాలూరి రాజేశ్వరరావు కూడా ఆ ప్రాంతంవారే కావడం గమనార్హం.

సాలూరు సమీపాన శివరామపురం ఆయన జన్మస్థలం. తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసులు. కనుక లయజ్ఞానం ఇంటనే అబ్బింది. 1935లో ‘శ్రీకృష్ణలీలలు’ చిత్రంలో బాలకృష్ణుడుగా నటించి, పాడి పేరుపొందారు. 1940లో ‘ఇల్లాలు’లో బాలసరస్వతీదేవి సరసన నటించారు. ఆమెతో కలిసి పాడిన గ్రామఫోను రికార్డులు తెలుగులో లలితగీతానికి ఆదరణ పెంచాయి.

మద్రాసులో జెమినీ సంస్థ 1948లో విడుదల చేసిన ‘చంద్రలేఖ’ ఆయన ప్రతిభకు విశాలమైన రంగం కల్పించింది. కర్ణాటక, హిందూస్థానీ బాణీలతోపాటు లాటిన్ అమెరికా లయలూ, యూరపు వాల్ట్జ్ నడకలూ ఆ సంగీతంలో చోటుచేసుకున్నాయి. మూడేళ్లకే వచ్చిన ‘మల్లీశ్వరి’ (1951) రాయలకాలపు కథ. దేవులపల్లి కృష్ణశాస్త్రి గీతాలకు అదే స్వరకర్త రాగచ్ఛాయలనూ, జానపదపు నడకలనూ సమకూర్చారు. ‘డాక్టర్ చక్రవర్తి’ (1964)లో వీణపాటా, పియానోపాటా రెండూ ఉన్నాయి. రెండింటా మాధుర్యమే ప్రధానం. వాద్యం దానికి పరిచారిక మాత్రమే.

ఇటువంటి మేళనాన్ని పాలనావ్యవస్థ ఎల్లప్పుడూ ఆదరించలేదు. 1952లో సమాచార, ప్రసారశాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ సినీసంగీతాన్ని శాస్త్రీయ సంప్రదాయానికి హానికరమని భావించారు. ఆకాశవాణిలో సినిమాపాటలకు చోటు కరవైంది. శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లారు. చివరకు 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభమై సినిమాపాటకు తిరిగి స్థానం లభించింది.

ఈ కలహం మన దేశానికే పరిమితం కాదు. బ్రెజిల్‌లో 1967లో విద్యుత్ గిటారుకు వ్యతిరేకంగా సంగీతకారులే సావో పావ్‌లో వీథుల్లో ఊరేగారు. ఆ దేశంలోనే జోర్జి బెన్ 1963లో సాంబాకు కొత్త గిటారు నడకను చేకూర్చి ప్రసిద్ధుడైనాడు. 1976లో ‘ఆఫ్రికా బ్రసీల్’ రికార్డులో విద్యుత్ గిటారు చేపట్టి సాంబాను అమెరికా నల్లజాతివారి ఫంక్ సంగీతంతో జోడించాడు. సాంబా కూడా ఆఫ్రికా సంతతి వారి లయలనుండి ఎదిగినదే. కనుక ఆయన కలిపినవి రెండూ జ్ఞాతి సంగీతాలేనని చెప్పవచ్చు. ఊరేగింపు చరిత్రలో ఒక ఘట్టంగా మిగిలింది. పాటలు నేటికీ నిలిచి ఉన్నాయి.

రాజేశ్వరరావు 1999 అక్టోబరు 25న దివంగతులైనారు. మిశ్రమమన్న కారణంగా ఒక కళను తక్కువచేయడం, శుద్ధమన్న కారణంగా మరొకదానిని అందలమెక్కించడం సాంస్కృతిక పరిపాలనకు తగదని ఆయన కృషి బోధిస్తున్నది. విచారింపవలసినది ఏమి కలిసినదని కాదు; కలిసిన పిమ్మట మూలం నిలిచినదా లేదా అని. ఆ నిర్ణయానికి పాటలు మనకు వినబడాలి. కనుక పాత గ్రామఫోను రికార్డులనూ, చిత్రాల శబ్దపథాలనూ శాస్త్రీయ సంగీతంతో సమానంగా భద్రపరచడం మన తక్షణ కర్తవ్యం.