గౌటు వ్యాధికి మూడు చిత్రములు

నిదురించు వేళ కాలి బొటనవ్రేలి కీలు ఉన్నట్లుండి ఎఱ్ఱబడి వాచును. దుప్పటి తగిలినను ఓర్వలేని బాధ పుట్టును. రక్తమున పెరిగిన యూరిక్ ఆమ్లము యూరేటు స్ఫటికములై కీళ్లలో పేరుకొనుటచే కలుగు ఈ వ్యాధియే గౌటు. అయితే వాచిన కీలెల్ల గౌటు కాదు. క్రిములు చేరి చీము పట్టిన కీలును ఇట్లే ఉండును. దానిని గుర్తించుటలో జాగైనచో కొలది దినములలో మృదులాస్థి చెడిపోవును.

1961లో మెకార్టీ, హాలెండర్ అను అమెరికా వైద్యులు కీలులోని ద్రవమును సూదితో తీసి, ధ్రువిత కాంతి సూక్ష్మదర్శినిలో ఈ స్ఫటికములను గుర్తించిరి. నేటికిని దీనిని మించిన రుజువు లేదు. కాని చిన్న కీళ్లలో ద్రవము సూదికి అందుట కష్టము. అప్పుడు చిత్రములే దిక్కు.

వీనిలో మొదటివి ఎక్స్-కిరణములు. 1895లో రాంట్‌జెన్ తన భార్య చేతి యెముకలను వీనితోనే చిత్రించెను. స్ఫటికములు ఎముక అంచున కొరికిన గుంటలను ఇవి చక్కగా చూపును. చిక్కేమనగా, ఆ గుంటలు పడుటకు ఏండ్లు పట్టును. ఇల్లు కాలిన పిదప బూడిదను చూపినట్లే.

అతిధ్వనుల పద్ధతి ఇంకను ముందుగా పసిగట్టగలదు. మృదులాస్థి పైపొరపై స్ఫటికములు పేరుకొన్నచో, ఎముక గీతకు సమాంతరముగా మరియొక తెల్లని గీత కానవచ్చును. కాని ధ్వని ఎముకను దాటి పోజాలదు.

మూడవదాని బీజము హౌన్స్‌ఫీల్డు వ్రాతలో కలదు. దేహమును పొరలు పొరలుగా చూపు సి.టి. యంత్రమును నిర్మించిన ఈ ఆంగ్ల ఇంజనీరు, ఒకే పొరను 100, 140 కిలోవోల్టులతో రెండుమార్లు చిత్రించినచో పదార్థముల భేదము తెలియునని 1973లోనే సూచించెను. కాల్షియం పరమాణువు బరువైనది. యూరేటులో ఉన్నవి చాలవరకు తేలిక పరమాణువులు. కావున కిరణశక్తి మారినప్పుడు రెండును ఒకే తీరున వానిని పీల్చుకొనవు. ఈ తేడాను లెక్కించి కంప్యూటరు యూరేటుకు వేరు రంగు వేయును. ఈ ఊహ గౌటు రోగులకు ఉపయోగపడుటకు మూడు దశాబ్దములకు పైగా పట్టెను! ఇదియు లోపము లేనిది కాదు: తొలిదశ వ్యాధిని విడిచిపెట్టవచ్చును, గోళ్లకు లేని రంగు వేయవచ్చును.

అందుచే 2015లో అమెరికా, ఐరోపా కీళ్లవైద్య సంఘములు పరిశోధనలకై రూపొందించిన కొలమానమున మూడింటికిని చోటు దొరకెను. అతిధ్వనులు గాని రెండుశక్తుల సి.టి. గాని యూరేటును చూపినచో 4 పాయింట్లు. ఎక్స్-కిరణములు గుంటలను చూపినచో మరి 4. మొత్తము 8 వచ్చినచో గౌటుగా ఎంచెదరు.

స్ఫటికములున్న కీలులోనే క్రిములును ఉండవచ్చును. జ్వరముతో కీలు వాచి వచ్చిన రోగి విషయమున, మూడు చిత్రములును గౌటు అనినను, వైద్యులు సూదిని ప్రక్కన పెట్టరు.