బహుళ నైపుణ్య శిక్షణ

ఫ్యాక్టరీ కార్మికుడికి ఒకటికి మించిన పనులు నేర్పి, అవసరం పడినప్పుడు ఒక యంత్రం మీద నుంచి ఇంకో యంత్రం మీదికి మార్చుకోగలిగేలా తయారుచేసే పద్ధతి. షాపు ఫ్లోరులో దీన్ని ‘మల్టీ స్కిల్లింగ్’ అంటారు. కొవ్వూరు, తణుకు, రాజమహేంద్రవరం ప్రాంతాల్లో ఈ అవసరం పేరు కంటే చాలా ముందే ఉంది.

పూర్వరంగం

కమ్మరం, వడ్రంగం, కంచరిపని చాలాకాలం కుటుంబాల్లోనే తండ్రి దగ్గర కొడుకు నేర్చుకునేవాడు. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్ట, దానితోపాటు ఎదిగిన ధవళేశ్వరం వర్క్‌షాపు, 1900లో కొవ్వూరును రాజమహేంద్రవరంతో రైలు మార్గాన కలిపిన హేవలాక్ వంతెన ఈ వృత్తులవాళ్లను ఒకే పనిచోటుకి తెచ్చాయి.

ఆధునిక పరిశ్రమ మొదట నడిచింది బహుళ నైపుణ్యానికి ఎదురు దారిలో. ఆడమ్ స్మిత్ 1776లో గుండుసూదుల తయారీని ఉదాహరణగా చూపి పని విభజనను మెచ్చుకున్నాడు. 1913లో హెన్రీ ఫోర్డ్ హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను పెట్టి, మనిషి పనిని ఒకటి రెండు కదలికలకు కుదించాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జపాన్‌లో టొయోటా ఇంజనీరు తాయిచి ఓనో మెషిన్ షాపులో ఒక్కొక్కరికి రెండేసి, తర్వాత మూడు నాలుగు యంత్రాలు అప్పగించాడు. అలా పనిచేసేవారిని జపనీయులు ‘తానోకో’ అన్నారు. అంటే అనేక నేర్పులున్న పనివాడు.

చక్కెర మిల్లులు

గోదావరి జిల్లాల్లో ఈ చదువు చెప్పిన తొలి గురువు చెరకు. ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ 1947లో తణుకు కేంద్రంగా ఆంధ్రా షుగర్స్ స్థాపించారు. కొవ్వూరు పక్కనే చాగల్లులో జైపూర్ షుగర్ కంపెనీ ఫ్యాక్టరీ నడిచింది. గానుగ సీజన్ సంక్రాంతికి ముందు మొదలై ఎండలు ముదిరేసరికి ముగుస్తుంది. నరికిన చెరకు ఆగదు, ఎండేకొద్దీ రసంలో పంచదార పడిపోతుంది. అందుకే సీజన్‌లో మిల్లు రాత్రింబవళ్లు తిరగాలి. మిగతా నెలల్లో అదే మిల్లును విప్పుతారు: రోలర్లు పైకి తీస్తారు, బేరింగులు మారుస్తారు, బాయిలర్ గొట్టాలు శుభ్రం చేస్తారు, పంపులు, వాల్వులు బాగుచేస్తారు. సీజన్‌లో మిల్లు దగ్గర నిలబడ్డ మనిషి ఓవర్‌హాలింగ్ సమయంలో ఫిట్టరు పక్కన పానా పట్టుకుంటాడు. తాను నడిపిన యంత్రం లోపల ఏముందో కళ్లారా చూస్తాడు. మరుసటి సీజన్‌లో బేరింగు శబ్దం మారితే అతని చెవికే ముందు తెలుస్తుంది. ఏ శిక్షణ కేంద్రంలోనూ ఇంత చక్కటి పాఠం దొరకదు. సీజనల్ కార్మికులు మరుసటి ఏడాది కూడా తిరిగి వచ్చేందుకు ఇచ్చే రిటైనింగ్ అలవెన్సు వెనుక ఉన్నదీ ఈ విలువే.

రిలీవరు

ఆంధ్రా షుగర్స్ తర్వాత కొవ్వూరులో రసాయనాలు, ఎరువుల విభాగాన్ని, సగ్గొండలో కాస్టిక్ సోడా ఫ్యాక్టరీని నడిపింది. ఉప్పునీటిని విద్యుత్తుతో విడగొట్టి కాస్టిక్ సోడా, క్లోరిన్, హైడ్రోజన్ తీసే ఇలాంటి ప్లాంట్లను సాయంత్రం ఆపి పొద్దున నడిపే వీలుండదు. ఏ, బీ, సీ షిఫ్టులు ఆగకుండా తిరుగుతాయి. ప్రతి కార్మికుడికీ వారానికి ఒక సెలవు ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం విధించింది. ఆ సెలవు రోజున అతని స్థానంలో నిలబడేవాడే రిలీవరు. సోమవారం ఒకరి బదులు, మంగళవారం ఇంకొకరి బదులు చేయాలంటే అన్ని స్థానాల పనీ తెలిసి ఉండాలి. బహుళ నైపుణ్యం అనే మాట పుస్తకాల్లోకి రాకముందే రిలీవర్లు ఆ పని చేస్తున్నారు. చాలాచోట్ల వారికి ప్రత్యేక గుర్తింపు మాత్రం ఆలస్యంగానే వచ్చింది.

విశాఖ ఉక్కు

తెలుగు నేలపై ఈ పద్ధతిని ముందుగానే ప్రణాళికలో రాసుకున్న పెద్ద పరిశ్రమ విశాఖ ఉక్కు కర్మాగారం. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1982 ఫిబ్రవరి 18న దాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ సంస్థ ఏర్పడింది. నిధుల కొరత వల్ల 1986లో ప్రణాళికను సవరించి, ఒక్కో కార్మికుడికి ఏటా 231 టన్నుల ఉత్పాదకత లక్ష్యంగా పెట్టుకున్నారు. దేశంలోని పాత ఉక్కు ప్లాంట్లతో పోలిస్తే అది చాలా పెద్ద అంకె. దాన్ని అందుకోవాలంటే ఆపరేషన్ ఒకరిది, మెయింటెనెన్స్ ఇంకొకరిది అనే గీత చెరిపేయక తప్పదు. పాత అలవాట్లు లేని కొత్త సిబ్బందికి మొదటి రోజు నుంచే రెండూ నేర్పడం దూరదృష్టి గల నిర్ణయం. ‘గోదావరి’ పేరు పెట్టిన తొలి బ్లాస్ట్ ఫర్నేసు 1990లో పనిలోకి వచ్చింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు.

ఆ తర్వాతి దశాబ్దాల్లో కార్ల పరిశ్రమ ఈ పద్ధతిని దేశమంతటికీ పరిచయం చేసింది. ఆ పరిశ్రమకు చెందిన కియా ఫ్యాక్టరీ పెనుకొండ దగ్గర 2019లో ప్రారంభమైంది.

నేర్పే తీరు, హద్దులు

ఐటీఐలకు మూలమైన క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకం 1950లో, అప్రెంటిస్‌ల చట్టం 1961లో వచ్చాయి. రెండూ ఫిట్టరు, ఎలక్ట్రీషియను, వెల్డరు అంటూ ట్రేడుల వారీగానే సాగాయి. రెండో పని నేర్పడం ఫ్యాక్టరీ బాధ్యతగానే మిగిలింది. అక్కడ సాధారణంగా గోడ మీద ‘స్కిల్ మ్యాట్రిక్స్’ అనే పట్టిక ఉంటుంది. ప్రతి పేరు ఎదురుగా, ప్రతి పని కింద నాలుగు భాగాల వృత్తం గీస్తారు. పని చూసినవాడికి ఒక భాగం, తోడుంటే చేయగలిగినవాడికి రెండు, ఒంటరిగా చేసేవాడికి మూడు, ఇతరులకు నేర్పగలవాడికి నాలుగూ నింపుతారు.

అయితే ఎవరినైనా ఎక్కడైనా నిలబెట్టే వీల్లేదు. బాయిలర్ల చట్టం కింద బాయిలర్ దగ్గర సర్టిఫికెట్ ఉన్న అటెండెంటే ఉండాలి. విద్యుత్ పనికి పర్మిట్ కావాలి. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో ప్రమాదకర పరిశ్రమలపై కొత్త అధ్యాయం చేర్చారు. క్లోరిన్ లీకు సమయంలో సగం నేర్చిన మనిషి తనకూ పక్కవారికీ ప్రమాదమే.

కార్మిక సంఘాల అభ్యంతరం మరో వైపు నుంచి వచ్చింది: ఇద్దరి పని ఒకడు నేర్చుకుంటే రెండోవాడి ఉద్యోగం ఏమవుతుంది? ఇది న్యాయమైన ప్రశ్న. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం దీన్ని గుర్తించింది. ఉద్యోగాలు పోయే అవకాశమున్న మార్పులకు యజమాని ముందుగా నోటీసు ఇచ్చి 21 రోజులు ఆగాలని 9ఏ సెక్షన్ చెప్పింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, తొలగించిన ప్రతి కార్మికుడి పేరున 15 రోజుల వేతనానికి సమానమైన మొత్తాన్ని యజమాని పునర్నైపుణ్య నిధికి జమచేయాలని విధించింది.