చాత్తన్ మాస్టర్‌కి ఏ శాఖ? (4వ భాగం)

1957 ఏప్రిల్ 5న కేరళలో ఇ.ఎం.ఎస్. మంత్రివర్గం కొలువుదీరింది. పదకొండు మంది. అందులో దళితుడు పులయ బిడ్డ పి.కె. చాత్తన్ మాస్టర్ ఒక్కరే. స్థానిక పాలన, హరిజన సంక్షేమం ఇచ్చారు.

రెవెన్యూ గౌరి అమ్మది. వారం తిరక్కుండానే భూమి మీంచి వెళ్లగొట్టడాన్ని ఆపుతూ ఆర్డినెన్స్ వచ్చింది. గొప్ప పనే, కాదనను. కానీ ఆఖరికి పొలం దక్కింది కౌలుదారుకి. నాట్లేసిన పులయ కూలీకి మిగిలింది పల్లెలో పది సెంట్ల గుడిసె జాగా. భూమి ఫైలు రెవెన్యూలో ఉంటుంది, హాస్టల్ ఫైలు సంక్షేమంలో!

2006లో ఎ.కె. బాలన్‌కి విద్యుత్తు ఇచ్చారు కదా అంటారు. ఇచ్చారు, వెంట ఎస్సీ, ఎస్టీ సంక్షేమం కూడా తగిలించారు. 2021లో కె. రాధాకృష్ణన్‌కి దేవస్వంతో పాటు అదే. 2024లో ఆయన ఎంపీగా వెళ్లాక ఆదివాసీ ఒ.ఆర్. కేలు మంత్రయ్యారు. సంక్షేమం ఆయనకొచ్చింది, దేవస్వం వాసవన్‌కి పోయింది.

రెవెన్యూ మనవాళ్లకి ఎప్పుడిస్తారో ఎర్రజెండా తమ్ముళ్లు అడిగి చెప్పండి.